మేత ఉన్నవాడి వెంట

పోస్ట్‌హ్యూమనిజం అన్న మాటకి తెలుగులో ఏం రాయాలో నాకింకా తేలలేదు. 'మానవానంతరవాదం' అని రాస్తే మనుషులంతా పోయాక జరిగే పెద్దకర్మలాగా వినిపిస్తుంది. 'మానవేతర' అన్నా చిక్కే. మళ్ళీ మనిషే కొలబద్ద, మిగతావన్నీ 'ఇతరాలు'.

బెంగళూరులో మేం ఏడెనిమిది మందిమి నెలకోసారి కలిసి ఏదో ఒక పుస్తకం మాట్లాడుకుంటాం. ఒక డెంటిస్టు తప్ప అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. పోయినేడాది వరసగా ఉత్తర అమెరికా నవలలు పెట్టుకున్నాం: అక్కడి మూలవాసులు రాసినవి, ఆసియా నుంచి వలస వెళ్ళినవాళ్ళు రాసినవి, నల్లజాతి రచయితలవి. వాటికి తోడు కొంచెం థియరీ. ఆ థియరీ చెప్పేది క్లుప్తంగా ఇదీ. మనిషిని మధ్యలో కూర్చోబెట్టి లోకాన్నంతా అతని చుట్టూ సర్దే అలవాటు మానుకుందాం. జంతువు, చెట్టు, నది, ఆఖరికి యంత్రం కూడా మన సొత్తు అనుకోవద్దు. మనం వాటిని తయారుచేశాం అనుకుంటాం గానీ, అవీ మనల్ని తయారుచేశాయి.

వినడానికి బావుంది. గుంపులో అందరూ ఒప్పేసుకున్నారు. నాకే ఎక్కడో పంటికింద రాయిలా తగిలింది.

డోనా హారవే అనే అమెరికన్ రచయిత్రి 2008లో 'వెన్ స్పీసీస్ మీట్' అని ఒక పుస్తకం రాసింది. తన కుక్క కయెన్‌తో కలిసి ఆమె ఆటల పోటీలకి తయారవుతూ ఉంటుంది, ఆ సాధన చుట్టూ బోలెడు తత్వం అల్లుతుంది. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగంలో ఒక ముక్క మాత్రం మనసులో ఉండిపోయింది. 'కంపానియన్' అన్న మాట లాటిన్ 'కుమ్ పానిస్' నుంచి వచ్చిందట. కలిసి రొట్టె తినేవాళ్ళు అని. సహచరులు అంటే మనం కలిసి నడిచేవాళ్ళు అనుకుంటాం. ఆ మాటేమో కలిసి తినేవాళ్ళు అంటోంది.

మా వైపు ఇది అక్షరాలా నిజం. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. సగటు అన్నది కాగితం మీద మాట. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికి ఖాళీ అయిపోతాయి, ఈశాన్య మేఘాలకి సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చే ఓపిక ఉండదు. ఈ ఎర్రనేలల్లో పూర్వం కొర్ర, జొన్న, సజ్జ, కంది, ఆముదం కలిపి వేసేవాళ్ళు. తర్వాత వేరుశనగ వచ్చి అన్నిటినీ పక్కకి తోసేసింది. ఒక దశలో జిల్లాలో 7, 8 లక్షల హెక్టార్ల దాకా అదే పంట. ఊర్లలో పెరగనివాళ్ళకి వేరుశనగ అంటే కాయ. రైతుకి అది రెండు పంటలు. భూమి లోపల కాయ, పైన కట్టె. కాయ మనిషికి, కట్టె ఎద్దుకి. వాన సమయానికి పడకపోతే ఊడలు దిగవు, కాయ పట్టదు. అప్పుడు కూడా కట్టె కొంచెం మిగులుతుంది, కాబట్టి ఎద్దు ఇంకో రెండు నెలలు గడుపుతుంది. అసలుకే మొలవకపోతే ఇద్దరికీ లేదు. మా ఇంట్లో పంట ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే లెక్కలేమీ అక్కర్లేదు, దొడ్లో వామి ఎత్తు చూస్తే చాలు.

2002లో వామి వేయనే లేదు. దేశమంతా కరువు ఆ ఏడాది. నాకు పదిహేనేళ్ళు. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్ళో ముందు ముసలి ఆవులు పోయాయి, తర్వాత పాలు మానేసిన బర్రెలు, ఆ తర్వాత సేద్యపు ఎద్దులు. మా నాయన అందరికంటే ఆలస్యంగా కదిలాడు. అంత ఆలస్యంగా పోతే సంతలో ధర ఉండదని ఆయనకీ తెలుసు. ఒక బొల్లెద్దు, ఒక కర్రెద్దు. కర్రెద్దు నాకంటే రెండు మూడేళ్ళే చిన్నది. చిన్నప్పుడు దాని కొమ్ములకి కనుమనాడు రంగులు పూసే హక్కు నాది.

సంతలో కొన్నవాడు కర్ణాటక వైపు మనిషి. సేద్యానికే అన్నాడు. అందరూ అట్లే అంటారు. సంతలో ఎదురు ప్రశ్న వేయకూడని జవాబు అది. అతని టెంపోలో పచ్చి మేత కట్టలు రెండు ఉన్నాయి. బోరు కింద పండిన జొన్న. ఆ పచ్చదనం మేం చూసి నాలుగు నెలలు అయింది. నాయన పగ్గం అతని చేతిలో పెట్టాడు. కర్రెద్దు వెనక్కి తిరిగి చూస్తుందని నేను కాచుకుని నిలబడ్డాను. చూడలేదు. మేత వాసన తగలగానే మెడ చాచి, కొత్తవాడి చేతిలో పగ్గం బిగుసుకునేంత వేగంగా, తనే అతన్ని లాక్కుంటూ పోయింది. బొల్లెద్దు దాని వెనకాల. నేను నాయన మొహం వైపు చూశాను. ఆయన అన్నది ఒకటే మాట. "వానితావ మేత ఉంది. పోనీలే."

ఇంటికొచ్చాక మా అవ్వ ఇరుగుపొరుగుకి వేరే కథ చెప్పింది. ఎద్దు కదలనంటే కదలనని మొరాయించిందనీ, నాయన వైపు చూసి కండ్లనీళ్ళు పెట్టుకునిందనీ. అవ్వ సంతకి రానే లేదు. అయినా వారం తిరిగేసరికి ఊళ్ళో అదే నిజం అయింది. ఇప్పటికీ మా చిన్నాయనలు అట్లానే చెప్పుకుంటారు. అవ్వ అబద్ధం చెప్పిందని నేననను. ఆ కన్నీళ్ళు ఎవరివో ఆమెకి తెలుసు, పెట్టడానికి చోటు లేక ఎద్దు కళ్ళలో పెట్టింది.

అప్పట్నుంచీ జంతువులున్న ఏ కథ చదివినా నాకు ఒకటే ప్రశ్న. ఇది అవ్వ చెప్పిన ఎద్దా, నేను చూసిన ఎద్దా?

మన సాహిత్యంలో ఎక్కువ పాలు అవ్వ ఎద్దులే. యజమాని కోసం ప్రాణం ఇచ్చే కుక్కలు, గడప దగ్గర కన్నీరు కార్చే ఆవులు. వాటి మీద నాకు కోపం లేదు. కానీ వాటిల్లో జంతువు మన మనసు దాచుకునే పెట్టె మాత్రమే. ఆ పెట్టెకి సొంత ఆకలి ఉండదు.

మేం చదివిన అమెరికన్ పుస్తకాల్లో నన్ను పట్టుకున్నది లెస్లీ మార్మన్ సిల్కో నవల 'సెరిమనీ'. 1977లో వచ్చింది. సిల్కో న్యూ మెక్సికోలోని లగూనా ప్యూబ్లో సమాజానికి చెందిన మనిషి. కథానాయకుడు టాయో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి, ఫిలిప్పీన్స్ అడవుల్లో ఆగని వానలో, చావుబతుకుల్లో ఉన్న అన్నదమ్ముల వరసవాణ్ణి చూస్తూ వానని తిడతాడు. ఇంటికొస్తే అక్కడ ఆరేళ్ళుగా కరువు. తన తిట్టు వల్లే వాన పోయిందని అతని నమ్మకం. డాక్టర్లు దాన్ని జబ్బు అంటారు. మా గుంపులో ఒకాయన కూడా 'గిల్ట్' అనీ, 'ట్రామా' అనీ చెప్పుకుపోయాడు. నాకైతే వింతగా అనిపించలేదు. వాన రాకపోతే కప్పని రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి దాని మీద నీళ్ళు పోసే ఊరు మాది. గాడిదలకి పెళ్ళి చేస్తారు. వానకీ మన నడవడికీ లంకె ఉందని నమ్మేవాళ్ళ మధ్య పెరిగినవాడికి టాయో పక్కింటి కుర్రాడిలా ఉంటాడు. ఆ నవల్లో ఇంకో చిన్న సంగతి. బళ్ళో టీచరు ఈగలు చెడ్డవి అని చెబితే పిల్లవాడు టాయో బోలెడు ఈగల్ని చంపి గొప్పగా చూపిస్తాడు. మామయ్య జొసాయా కొట్టడు. ఒకప్పుడు మనుషులు తప్పు చేసి వానలు ఆగిపోతే, ఒక పచ్చ ఈగ వెళ్ళి మన తరఫున క్షమాపణ అడిగిందని కథ చెబుతాడు. మనకి కప్ప, వాళ్ళకి ఈగ. ఇద్దరికీ వకాల్తా పుచ్చుకునేది చిన్న ప్రాణే.

ఆ జొసాయా కరువులో ఒక పని చేస్తాడు. మెక్సికో నుంచి వచ్చిన మచ్చల పశువుల్ని కొంటాడు. బక్కవి, పొగరుబోతువి, ఎవరికీ లొంగనివి. తెల్లవాళ్ళ హియర్‌ఫోర్డ్ జాతి పశువులు నీటి తొట్టి ఎండిపోతే ఎవరైనా నీళ్ళ బండి తెస్తారని అక్కడే నిలబడి ఎదురు చూస్తాయి. ఈ మచ్చల పశువులు అట్లా కాదు, నీళ్ళు తామే వెతుక్కుంటాయి. ఇది చదివి నేను ఆగి నవ్వుకున్నాను. మా ఊళ్ళోకి లోన్ల మీద జెర్సీ ఆవులు వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. నీడ కావాలి, దాణా కావాలి, వేళకి నీళ్ళు కావాలి. నాటావు మాత్రం ముళ్ళకంప మధ్య కూడా ఏదో ఒక ఆకు గీక్కుని వచ్చేది.

సిల్కో పశువులు ఎవరి కోసమూ ఏడవవు. ఎన్నిసార్లు తోలుకొచ్చినా దక్షిణం వైపే పోతుంటాయి, పుట్టిన చోటు అటుందని. జొసాయా చనిపోయాక టాయో వాటిని వెతుక్కుంటూ వెళ్ళి, ఒక తెల్ల భూస్వామి తోడేళ్ళు రాకుండా కట్టించిన కంచెని కత్తిరించి బయటికి తెస్తాడు. అవి అతనికి కృతజ్ఞత చూపించవు. కంచెలో సందు దొరికితే వాటి దారి అవి చూసుకుంటాయి, అంతే. అతను పశువుల్ని కాపాడాడా, వాటి మొండితనాన్ని నమ్ముకుని తను బాగుపడ్డాడా, చెప్పడం కష్టం. ఈ పశువులు నాకు తెలుసు అనిపించింది. మేత ఉన్నవాడి వెంట పోయే పశువులు.

ఇదే చూపుతో మన సీమ నవల 'కొండపొలం' మళ్ళీ చదివాను. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసింది, 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు మా అనంతపురం చరిత్ర మీద బండి నారాయణస్వామి రాసిన 'శప్తభూమి'కి కూడా తానా బహుమతే. నీళ్ళు లేని నేల కథలకి అట్లాంటిక్ అవతలి తెలుగువాళ్ళు దక్షిణ చెల్లించడం నాకెప్పుడూ కొంచెం తమాషాగా ఉంటుంది. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎందరి చదువుకి ఎద్దులు అమ్ముడుపోయాయో. నా చదువూ అట్లాంటిదే.

కొండపొలం అంటే కరువు కాలంలో గొర్రెల మందల్ని నల్లమల అడవిలోకి తోలుకెళ్ళి వారాల తరబడి అక్కడే మేపుకోవడం. నవల్లో హీరో ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు. మందతో అడవికి వెళతాడు, భయపడతాడు, పులిని ఎదుర్కొంటాడు, మనిషి మారిపోతాడు, చివరికి అటవీ అధికారి అవుతాడు. గొర్రెల తీరు, కాపర్ల మాట, ఏ ఆకు ఏ జబ్బుకి, రాత్రి మందని ఎట్లా పడుకోబెట్టాలి, ఈ వివరాలు రాయగలిగినవాళ్ళు తెలుగులో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆ పేజీల కోసం ఈ పుస్తకం నా అలమరలో ఎప్పటికీ ఉంటుంది. నా పేచీ పులితో. హీరో పిరికితనం వదిలించడానికే అది నల్లమలలో పుట్టినట్టు ఉంటుంది. నాకైతే అది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ఇంటర్వ్యూలకి తయారుచేసే సారులాగా కనిపించింది. అడవి అతనికి ఏమిచ్చిందో వివరంగా తెలుస్తుంది. అతను వచ్చి వెళ్ళినందుకు అడవికి ఏం తేడా పడిందో అంతగా తెలియదు. గొర్రెలు మాత్రం గొర్రెల్లానే ఉంటాయి, మేత దొరికితే తింటాయి, దొరక్కపోతే అరుస్తాయి. రచయిత చేతికి బాగా తెలిసిన చోట జంతువు నిజంగా ఉంది, పాఠం చెప్పాలనుకున్న చోట అవ్వ ఎద్దు వచ్చేసింది. 2021లో క్రిష్ తీసిన సినిమాలో పాఠం ఇంకా పెద్దదైంది.

ఇంకా ముందుకి వెళ్ళినవాడు చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన డాక్టర్ కేశవరెడ్డి. 'అతడు అడవిని జయించాడు' చిన్న నవల. పందులు మేపే ఒక ముసలాయన, ఈనడానికి సిద్ధంగా ఉన్న తన పంది ఇంటికి రాకపోతే వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. అది ఈని ఉంటుంది. రాత్రంతా నక్కల నుంచి దాన్ని, పిల్లల్ని కాచుకుంటాడు. అందరూ దీన్ని హెమింగ్వే ముసలి జాలరితో పోలుస్తారు. పోలిక తప్పేం కాదు, కానీ అసలైన దెబ్బని అది దాటేస్తుంది. జాలరికి చేప ఎదుటిది. ఇక్కడ పంది అతని సొంతం, బిడ్డలా పెంచుకున్నది. అదే ఈనిన మైకంలో అతన్ని శత్రువు అనుకుని మీదకొస్తుంది. ఎవరిని కాపాడ్డానికి వచ్చాడో దాన్నే తన చేతులతో చంపాల్సి వస్తుంది. పంది ద్రోహి అని గానీ, ముసలాయన పాపి అని గానీ కేశవరెడ్డి ఎక్కడా అనడు. తల్లి పందికి తన లెక్క ఉంది, ఆ లెక్కలో ఇతని ప్రేమకి చోటు లేదు. జంతువుకి తనదైన లోకం ఉంటుందని థియరీ పుస్తకాలు యాభై పేజీల్లో చెప్పేది ఇదే. అయితే ఆ పుస్తకాల్లో ఆ మాట దగ్గర అందరూ సంబరపడతారు, ఇక్కడ రక్తం కారుతుంది.

నేను ఇదంతా మా గుంపులో కొంచెం ఉత్సాహంగానే చెప్పాను. సంత సంగతి కూడా. అందరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఉమ్మడి జిల్లా కుర్రాడే, ధర్మవరం వైపు వాడు, మెల్లిగా అన్నాడు. "అన్నా, మీ నాయన బతికున్న ఎద్దుని అమ్మినాడు. మా తాత చచ్చిన ఎద్దుని ఊరి బయటికి ఈడ్చుకుపోయేవాడు. తోలు వలిచేవాడు. ఇద్దరికీ ఆ ఎద్దుతో ఉన్నది ఒకే సంబంధమా?"

నా దగ్గర జవాబు లేదు. వాడే మళ్ళీ అన్నాడు. "మమ్మల్ని మనుషుల్లో లెక్కేసి ఎన్నేళ్ళయిందని, అప్పుడే మనిషిని దాటిపోదాం అంటున్నారు వీళ్ళు?"

నా పంటికింద రాయి ఏదో నాకంటే వాడికే బాగా తెలుసు. 'మనిషి' అన్న పీఠం మీద నుంచి దిగుదాం అనడం తేలికే, ముందు దాని మీద కూర్చున్నవాళ్ళకి. సిల్కో, కేశవరెడ్డి రాసిన మనుషులు ఆ పీఠం ఎక్కనే లేదు. టాయోని ఊళ్ళో సగం నెత్తురు వాడని చూస్తారు, పందుల ముసలాయన్ని ఊరు తన అంచున ఉంచుతుంది. వాళ్ళు జంతువుకి దగ్గరగా ఉన్నది తత్వం చదివి కాదు. ఊరు వాళ్ళకి చూపించిన చోటు అదే. ఆ చోటులో నిలబడి కూడా పందిని ప్రేమించగలగడం, పశువుని వదిలేయగలగడం వాళ్ళ సొంత సంపాదన. దాన్ని 'ప్రకృతితో మమేకం' అని రాసే సమీక్షకులంటే నాకు ఒళ్ళు మంట.

ఒకే పళ్ళెం అన్న మాటకి ఇంకో పక్క కూడా ఉంది. పిలవకుండా వచ్చి తినేవాళ్ళు. ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు వైపు నల్లరేగళ్ళలో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. మన రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, తాకితే జైలే. గంతులేస్తుంటే ఎంత అందమో చెప్పలేం. ఆ అందం అప్పుడే మొలిచిన పప్పుశనగ మీదో, పత్తి మీదో ఒక్క రాత్రి దిగితే రైతు మళ్ళీ విత్తనం కొనాలి. పాత చీరలు చుట్టూ కడతారు, డబ్బాలు మోగిస్తారు, చలిలో మంచె మీద పడుకుంటారు. నా ఫోన్లో జింకల ఫోటో చూసి మా టీమ్‌లో ఒకమ్మాయి "ఎంత అదృష్టం, మీ ఊళ్ళో ఇవన్నీ ఉన్నాయి" అంది. ఆ ఫోటో తీసిన మా బావ ఆ రాత్రంతా నిద్రపోలేదు. అయినా ఆయన కూడా జింక చస్తే బాగుండు అనడు. "వాటికి మాత్రం ఏముంది చెప్పు ఈడ" అంటాడు. ఈ ఒక్క వాక్యానికి సరిపడే నవల మనకింకా రాలేదు. జింక, రైతు, ఫారెస్టు గార్డు, ముగ్గురికీ న్యాయం చేసేది ఒకటి రావాలి.

పోయిన శీతాకాలం చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లికి వెళ్ళాను. బోడిగుట్టలుగా పడి ఉన్న వేల ఎకరాల రెవెన్యూ బంజరుని తొంభైల నుంచి టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి అడవిగా తిప్పుకున్నారు. గొప్ప చెట్లు ఊహించుకోకండి. ఎక్కువగా గడ్డి, ఈత, అక్కడక్కడా చిన్న చెట్లు. నిప్పు పడకుండా కాపలా, గొర్రెలు ఎక్కడెప్పుడు మేయాలో ఊళ్ళవాళ్ళ కట్టుబాటు. గడ్డి వచ్చింది, గడ్డి వెనకాల మిగతావి వచ్చాయి. తర్వాత 2010 ప్రాంతంలో అదే గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. వాటి కోసం కొండ కోసి వెడల్పాటి రోడ్లు వేశారు, వాగు దారులు కొన్ని మూసుకుపోయాయి. పర్యావరణం కోసం పెట్టిన మర, పర్యావరణం కోసం పెంచిన గడ్డి, రెండూ ఒకే గుట్ట మీద. ఏది ఎవరికి కంపానియనో హారవేని పిలిచి అడగాలి.

మధ్యాహ్నం ఎండలో ఒక మర కింద మంద ఆగింది. స్తంభం నీడ సన్నగా, పొడుగ్గా పడుతోంది. గొర్రెలన్నీ ఆ నీడలోనే వరసగా దూరి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల పెట్టుకుని నిలబడ్డాయి. నీడ జరిగితే వరస కూడా జరుగుతోంది. కాపరి యాభై దాటిన మనిషి, నన్ను ఎవరని, ఏ ఊరని, ఏం పనని అడిగాడు. కంప్యూటర్ పని అన్నాను.

"అవి ఏం తింటాయి?"

"కరెంటు."

ఆయన మెడ ఎత్తి రెక్కల వైపు చూశాడు. "అయితే ఇది తిరిగేది మీకోసమే అనుకో" అని నవ్వాడు. నా చేతిలో నీళ్ళ బాటిల్ అడిగి తీసుకున్నాడు. రెండు గుక్కలు తాగి, మిగిలినవి దోసిట్లో పోసి కుక్క ముందు పట్టాడు.